హెచ్చరిక వేరు, రేటింగ్ వేరు
మత ఉద్రిక్తతలపై వెలువడే హెచ్చరికలను పత్రికలు దేశ పరపతి రేటింగ్ (అప్పు తీర్చే సత్తాకు ఇచ్చే గ్రేడు) కోతల్లా అచ్చేయడంతో చిన్న మదుపరులు బెంబేలెత్తి షేర్లు తెగనమ్ముకుంటున్నారు. సొంత పార్టీవారిని కట్టడి చేయకుంటే మోదీ విశ్వసనీయత దెబ్బతింటుందని 2015 అక్టోబరు చివర్లో అన్నది ఆర్థిక విశ్లేషణలు చేసే మూడీస్ అనలిటిక్స్. దేశానికి రేటింగ్ ఇచ్చేది అదే గ్రూపులోని వేరే సంస్థ, అప్పటి మూడీస్ ఇన్వెస్టర్స్ సర్వీస్ (ఇప్పుడు మూడీస్ రేటింగ్స్). అప్పటికి బీఏఏ3 (పెట్టుబడికి తగిన గ్రేడుల్లో అట్టడుగుది) రేటింగూ, ఆ ఏప్రిల్‌లో ‘పాజిటివ్’ చేసిన భవిష్యత్ అంచనా (అవుట్‌లుక్) కూడా చెక్కుచెదరలేదు. పేరు కలవడంతో ఎంత గందరగోళం! మార్కెట్ తెరిచే ఉదయం 9.15కే కంగారుగా మార్కెట్ ఆర్డరు (దొరికిన ధరకు అమ్మేయమనేది) పెడితే, కొనేవారు పలచగా ఉన్న చిన్న షేర్లు తెరపై చూసిన ధరకన్నా బాగా కిందికి తెగుతాయి. కనీస ధర చెప్పి పెట్టే లిమిట్ ఆర్డరైతే, అమ్ముడైనా కాకున్నా, మనం పెట్టిన ధరకు దిగువన పోదు. ఇటువంటి వార్త పక్కనే రేటింగ్ మారిందో లేదో, ఆ రోజు విదేశీ మదుపరుల నికర అమ్మకాలెంతో (షేర్ల డిపాజిటరీ సంస్థ ఎన్‌ఎస్‌డీఎల్ రోజూ వెల్లడిస్తుంది) రెండు వాక్యాల్లో తప్పక ప్రచురించాలి.