మద్యనిషేధం వేరు, ఎమర్జెన్సీ వేరు

సంపాదకుడు గారికి,

ఎన్నికైన ప్రభుత్వం వ్యక్తి స్వేచ్ఛకు ఏ పరిమితి పెట్టినా అది నియంతృత్వమేనని మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు వాదించగా, జనం ఒప్పుకున్నాక నియంతృత్వం ఎలా అవుతుందని మరొకరు బదులిచ్చారు. రెండు వాదనలూ నాకు సరిగా తోచలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం మా ఊరికి పాకినప్పుడు, కొట్టు ముందు చీపుర్లు పట్టుకుని బైఠాయించిన ఆడవాళ్లతో ఒక పెద్దాయన "నా డబ్బుతో నేను తాగితే మీకేం నొప్పి?" అని గొడవకు దిగాడు. "నీ డబ్బా? నాట్లేసి నేను తెచ్చిన కూలి కాదూ?" అని ఆ గుంపులోంచే ఆయన భార్య అడిగింది. మద్యనిషేధం హామీతో 1994 ఎన్నికల్లో గెలిచిన ఎన్టీఆర్, 1995 జనవరిలో దాన్ని అమల్లోకి తెచ్చారు. ఆ పెద్దాయన స్వేచ్ఛ కొంత పోయిన మాట నిజమే. కానీ టీ కొట్టు దగ్గర ప్రభుత్వాన్ని తిట్టిపోయడానికి గానీ, కోర్టుకెక్కడానికి గానీ, మళ్లీ ఎన్నికల్లో వ్యతిరేకంగా ఓటేయడానికి గానీ ఆయనకు అడ్డేమీ రాలేదు. 1997లో అదే పార్టీ ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తేసింది కూడా. (అప్పుడు చీపుర్లు పట్టిన ఆడవాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.)

1975-77 నాటి ఎమర్జెన్సీ సంగతి అలాంటిది కాదు. అప్పటి రాజ్యాంగ 42వ సవరణను పార్లమెంటు ఓటేసే ఆమోదించింది. కాకపోతే ఎదురు చెప్పవలసిన నాయకులు చాలామంది జైళ్లలో, ఆ మాట అచ్చువేయవలసిన పత్రికలు సెన్సారు కింద ఉన్నాయి. ఆ సవరణ లోక్‌సభ గడువును 5 ఏళ్ల నుంచి 6 ఏళ్లకు పెంచడమే కాక, రాజ్యాంగ సవరణలను కోర్టులు ప్రశ్నించరాదని శాసించింది. అంతకు ముందే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం అక్రమ నిర్బంధంపై హైకోర్టుకు వెళ్లే హక్కు పౌరుడికి లేదని సుప్రీంకోర్టు 4-1 తేడాతో తేల్చింది. కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. పొరపాటును దిద్దుకునే దారులన్నిటినీ అలా మూసేయడాన్నే నేను నియంతృత్వమంటాను, దానికి ఎన్ని ఓట్లు పడినా సరే.

1977లో ఎన్నికలు జరిగాయి కదా అనవచ్చు. ఉత్తరాది కాంగ్రెస్‌ను తుడిచిపెట్టిన ఆ ఎన్నికల్లో మన ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే కట్టబెట్టింది. జనతా తరఫున నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే గెలిచారు. మనం అన్ని ఓట్లు వేశాం గనుక, విచారణ లేకుండా జైల్లో మగ్గిన తెలుగువాడికి జరిగింది న్యాయమైపోతుందా?

ఇకపై ఏ చట్టసభ ఏ ఆంక్షను ఆమోదించినా, ఎంతమంది సమర్థించారన్న లెక్కతో పాటు, వ్యతిరేకించేవారు ఎక్కడికి వెళ్లి మొరపెట్టుకోవచ్చో కూడా మీ వార్తల్లో రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నెల్లూరు జిల్లా