బంపర్లకు వేస్ట్ ఆయిలు పూయడం ఆపించాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నాది శ్రీకాకుళం, బలగ. 2012లో కొన్న తెల్ల ఓమ్నీ వ్యానే మా ఇంటికి ఆధారం. పెళ్లిళ్లకు, విశాఖ ఆసుపత్రులకు, అరసవల్లి, శ్రీకూర్మం మొక్కులకు తిప్పుతుంటాను. ఇంజను బాగుంది, బాడీకి తుప్పు పట్టనివ్వలేదు. నల్ల బంపర్లు మాత్రం బూడిద రాసినట్టు తెల్లబారిపోయాయి. బేరానికి వచ్చినవాళ్ల చూపు ముందు వాటి మీదే పడుతుంది. "బండి బాగా పాతదిలాగుంది, విశాఖ వరకు ఎల్తాదా?" అన్నారంటే ఆ బేరం పోయినట్టే.

గత ఏడాది రథసప్తమికి రెండు రోజుల ముందు ఒక వాషింగ్ సెంటర్‌లో బండి ఇచ్చాను. ప్లాస్టిక్కులకు పాలిష్ అని విడిగా 400 రూపాయలు తీసుకున్నారు. అరగంటలో బంపర్లు కాకి రెక్కల్లా నిగనిగలాడాయి. సంబరపడిపోయాను. పండగనాడు తెల్లవారుజామునే మా అక్కను, బావగారిని అరసవల్లి తీసుకెళ్లాను. వెనక డోరు ఎత్తి సంచీ దించుకుంటుంటే బావగారి పట్టుపంచె బంపరుకు ఒరుసుకుంది. మోకాలి దగ్గర అరచెయ్యంత నల్లమరక. ఆయన పల్లెత్తు మాట అనలేదు. ఆ మరకతోనే క్యూలో నిలబడి సూర్యనారాయణస్వామి దర్శనం చేసుకున్నారు. ఎన్ని ఉతుకులు ఉతికినా అది పోలేదని అక్క తర్వాత చెప్పింది.

వారం తిరక్కుండా రోడ్డు మీది దుమ్మంతా బంపర్లకు అట్టకట్టింది. ఏప్రిల్‌లో గాలివాన పడినరోజు ఆ జిడ్డు కరిగి నంబరు ప్లేటు మీదికి కాటుకలా కారింది. వాన వెలిశాక చూస్తే మళ్లీ అదే బూడిద రంగు, ఈసారి చారలు చారలుగా. వెనక డోరు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, అదే బీడింగు మీద కూడా బ్రష్షు తిప్పేశారు కాబోలు, రబ్బరు ఉబ్బి మెత్తబడింది. రెండుసార్లు గట్టిగా వేస్తేగానీ డోరు పడటం లేదు.

వెళ్లి అడిగాను, "ఏటి పూసినావు బాబూ?" అని. "వేస్ట్ ఆయిలండి. కాస్త డీజిలు కలుపుతాం. అందరికీ అదే గదా!" అన్నాడు ఆ కుర్రాడు. దాపరికం ఏమీ లేదు, అది తప్పని అతనికి చెప్పినవాళ్లూ లేరు. ఇరవై ఏళ్లుంటాయేమో. మోచేతుల వరకు నలుపు, గోళ్ల చుట్టూ చర్మం పగిలి ఉంది. చేతులకు గ్లవుజులు లేవు. మరకపడ్డ పంచె కన్నా ఆ చేతులే నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

వేస్ట్ ఆయిలంటే ఇంజనులోంచి తీసేసిన ఆయిలు. అది మామూలు చెత్త కాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే అప్పగించాలి. మేం డబ్బులిచ్చి మరీ దాన్ని బండికి పూయించుకుంటున్నాం. వాన పడితే అది రోడ్డు మీదికి, కాలువలోకి కారుతుంది. కొందరు బండ్లను ఏకంగా నాగావళి రేవులోకే దించి కడుగుతారు. డోరు బీడింగులు చాలావరకు ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. ఎండకూ వానకూ గట్టిగా నిలిచే రబ్బరే, కానీ డీజిలు, ఇంజనాయిలు తగిలితే ఉబ్బిపోతుంది.

అసలు బంపరు ఎందుకు తెల్లబడుతుందో నాకు నంబరు ప్లేటు మార్చినప్పుడు తెలిసింది. పాత ప్లేటు విప్పితే దాని వెనక బంపరు కొత్తబండిలా నల్లగా ఉంది, చుట్టూ బూడిద. అదంతా ఎండ పని. రంగు వేయని నల్ల బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. లోపలివైపు చూస్తే చాలావాటికి పీపీ అని అచ్చు ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరను విరగ్గొడతాయి. కంటికి కనిపించనంత సన్నని పగుళ్లు వచ్చి, వాటి మీద పడ్డ వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. లోపలి నలుపు ఎక్కడికీ పోదు. కొబ్బరినూనె రాసినా, వేస్ట్ ఆయిలు రాసినా ఆ పగుళ్లు తాత్కాలికంగా నిండుతాయి, అంతే. హీట్ గన్‌తో కాల్చితే నలుపు వస్తుందని కొందరు కుర్రాళ్లు చేస్తున్నారు. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, ఆ గన్ గాలి వేడి 500 డిగ్రీలు దాటగలదు. చెయ్యి ఒక్క క్షణం ఆగితే బంపరు మీది గరుకంతా కరిగి నున్నటి మచ్చ పడుతుంది. పెయింటు వేయించాలనుకునేవాళ్లు కూడా ముందు ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టించాలి. లేదంటే ఈ ప్లాస్టిక్‌కు పెయింటు పట్టక పొరలుగా లేచిపోతుంది.

చివరికి ముందు బంపరు నేనే చేసుకున్నాను. కారు షాంపూ, పాత టూత్‌బ్రష్షు పట్టుకుని నీడలో కూర్చుని గరుకు సందుల్లో తోమితే నల్లటి నీళ్లు కారాయి. మూడుసార్లు కడిగాక గానీ నీళ్లు తేటగా రాలేదు. బాగా ఆరబెట్టి, జిడ్డు వదిలించే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్‌లో సగం నీళ్లు కలిపి తెల్లగుడ్డతో తుడిచాను. గుడ్డకు మరక అంటనంత వరకు తుడవాలి. అసలు పని అదే. కింద జిడ్డు మిగిలితే పైన ఏం రాసినా నిలవదు. పెయింటు అంచులకు మాస్కింగ్ టేపు అంటించి, గ్లవుజులు వేసుకుని, వెలిసిన ప్లాస్టిక్‌కు మళ్లీ నలుపు తెచ్చే, నల్లరంగు కలిసిన ట్రిమ్ రెస్టోరర్ అనే పూతను స్పాంజితో పల్చగా రెండుసార్లు పట్టించాను. ఒకరోజంతా తడి తగలనివ్వలేదు. వానాకాలం గడిచిపోయింది, పై అంచున కాస్త వెలిసింది తప్ప నలుపు నిలిచే ఉంది. చేత్తో రుద్దినా అంటదు. వెనక బంపరును ఆ కుర్రాడినే ఇంటికి పిలిచి, గ్లవుజులిచ్చి చేయించాను. నాకన్నా శుభ్రంగా చేశాడు.

వాషింగ్ సెంటర్ల వారికి నా విన్నపం ఒక్కటే. ఏం పూస్తున్నారో డబ్బా చూపించి పూయండి, పనిచేసే కుర్రాళ్ల చేతులకు గ్లవుజులు ఇవ్వండి. సరుకు ఖరీదైతే ఆ ధరే అడగండి, ఇస్తాం. మున్సిపాలిటీ, కాలుష్య నియంత్రణ మండలి అధికారులు కూడా ఊళ్లోని సర్వీసింగ్ షెడ్లలో తీసిన ఆయిలు ఎవరికి అప్పగిస్తున్నారో రశీదులు తనిఖీ చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఓమ్నీ వ్యాను యజమాని,
బలగ, శ్రీకాకుళం