సమాధుల తోటలో సున్నం వేసిన వారికి

నరసాపురం దగ్గర మా సమాధుల తోటలో పేరు చెప్పకుండా పనిచేసి వెళ్ళిన మీకు సంఘం తరఫున వందనాలు.

ఇక్కడ ఊట నేల, ఉప్పు గాలి. తడి సిమెంటు మీద ఎనామిల్ పూస్తే చెమ్మ బయటికి రాక బొబ్బలెత్తుతుంది. మీరు పాత రంగు వైరు బ్రష్షుతో గీకి, రాత్రంతా నానిన సున్నం గుడ్డలో వడగట్టి, పలచగా రెండు పూతలు వేశారు. చిక్కగా వేస్తే పెచ్చులే.

సమాధి పలక మీద బైబిలు వచనాన్ని 5:16 అని తప్పుగా చెక్కినదాన్ని 1 థెస్సలొనీకయులకు 4:16గా దిద్దారు. ప్రభువు రాకడలో, క్రీస్తునందు మృతులైనవారు మొదట లేస్తారనే మాట అక్కడిదే. (5:16 ఎల్లప్పుడూ సంతోషంగా ఉండమంటుంది, పరలోక గృహానికి వెళ్ళినవారికి అదీ తప్పు కాదనుకోండి!) 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ ఈ గోదావరి డెల్టాలో ప్రకటించిన నిరీక్షణా ఇదే.

తూర్పు వరస ఇంకా మిగిలింది. సున్నం డ్రమ్ములో ఉంది, తాళం సంఘకాపరిగారి దగ్గర.