చేరినంత తేలికగా బయటికి వచ్చే దారి ఉండాలి

ఆర్యా,

విశాఖలో కాలనీ సంఘాలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, రిటైర్డ్ ఉద్యోగుల సంఘాలు చాలావరకు ఈమెయిల్ గ్రూపుల మీద ఆధారపడుతున్నాయి. నేనున్న పెన్షనర్ల గ్రూపూ అలాంటిదే. నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్, మెడికల్ బిల్లులకు జతచేయాల్సిన కాగితాలు, ఇవన్నీ మాకు అందులోనే తెలుస్తాయి. ఈమధ్య మాత్రం గ్రూపు తెరిస్తే భోగాపురం ఎయిర్‌పోర్టు దగ్గర ప్లాట్లు, చిట్టీల ప్రకటనలు, గుడ్ మార్నింగ్ బొమ్మలే ముందు కనిపిస్తున్నాయి.

విసుగొచ్చిన ఒకాయన ‘నా పేరు తీసేయండి’ అని రాస్తే అది సభ్యులందరికీ వెళుతుంది. ‘నాదీ తీసేయండి’ అని మరికొందరు, ‘దయచేసి అందరికీ జవాబివ్వకండి’ అని ఇంకొందరు రాస్తారు. అవీ అందరికే వెళతాయి. వాళ్లను తప్పుపట్టలేం. బయటికి వెళ్లే దారి ఎక్కడుందో వాళ్లకెవరూ చెప్పలేదు.

దారి దొరకనివాళ్లు ‘ఇది అక్కర్లేని చెత్త మెయిల్’ అని గుర్తుపెట్టే స్పామ్ బటన్ నొక్కేస్తారు. అసలు నష్టం అక్కడే. ఒక గ్రూపు మెయిళ్లను ఎక్కువమంది స్పామ్ అని గుర్తు పెడితే, అక్కడి నుంచి వచ్చేవన్నీ మిగతా సభ్యులకు కూడా స్పామ్ ఫోల్డర్‌లోకే పోవడం మొదలవుతుంది. గాజువాకలో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడకు ఫ్యామిలీ పెన్షన్ గురించిన కబురు అలా అందకుండా పోతే బాధ్యత ఎవరిది? ఆ ఫోల్డర్ ఒకటుందనే చాలామంది పెద్దవాళ్లకు తెలియదు.

మెయిల్‌లోనే అన్‌సబ్‌స్క్రైబ్ (పేరు తీయించుకునే) చిరునామా పొందుపరిచే పద్ధతి 1998 నుంచీ ఉంది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 పైగా మెయిళ్లు పంపేవాళ్లు ప్రచార మెయిళ్లలో ఒక్క క్లిక్‌తో వైదొలిగే వీలు పెట్టాలని, ఆ కోరికను రెండు రోజుల్లో తీర్చాలని గూగుల్ 2024లో నిబంధన తెచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలంటోంది. ప్రచార కాల్స్, ఎస్ఎంఎస్‌లు వద్దనుకుంటే 1909 అనే ఫోన్ నంబరు ఉంది. చిన్న గ్రూపులను ఇవేవీ నేరుగా కట్టడి చేయకపోయినా, మన సంఘాలు తమంతట తామే ఈ పద్ధతి పాటించాలి.

ఇందుకు ఖర్చేమీ కాదు. ప్రతి మెయిల్ అడుగున ‘గ్రూపు వద్దనుకుంటే ఈ చిరునామాకు రాయండి’ అని తెలుగులో ఒక వాక్యం పెడితే చాలు. కొత్తగా చేరినవారి మెయిళ్లు మొదట్లో నిర్వాహకులు చూశాకే గ్రూపులోకి వెళ్లాలి. ఆ పనిని, పేర్లు తీసే పనిని ఒక్కరి మీద వదలకుండా కనీసం ఇద్దరికి అప్పగించాలి. ఒకరు ఊరెళితే వారాల తరబడి ఎవరి పేరూ తీయని పరిస్థితి ఇప్పుడుంది. పెన్షన్ వంటి ముఖ్యమైన ప్రకటనలకు, కార్యవర్గం మాత్రమే రాయగలిగే వేరే గ్రూపు ఉండాలి.

సభ్యులకూ ఒక మనవి. మీరు కోరి చేరిన గ్రూపు వద్దనుకుంటే అన్‌సబ్‌స్క్రైబ్ చేయండి. అసలు పరిచయమే లేని చోటు నుంచి వచ్చిన మెయిల్‌లో మాత్రం అన్‌సబ్‌స్క్రైబ్ లింకు నొక్కకండి. నొక్కితే మీ చిరునామా వాడుకలో ఉందని వాళ్లకు తెలిసిపోతుంది. అలాంటివాటికే స్పామ్ బటన్ వాడండి.

– ఒక పెన్షనరు, సీతమ్మధార, విశాఖపట్నం