వార్షిక నివేదిక 2024–25: బడుల్లో, ఊళ్లలో విపత్తు సన్నద్ధత శిక్షణ

సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లోని బడులు, హాస్టళ్లు, చెరువు కింది ఊళ్లలో సంఘం నడిపిన శిక్షణల నివేదిక ఇది. హాజరు పట్టికలు, జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో విడిగా పెడుతున్నాం. ఏం నేర్పాం, నేర్పేటప్పుడు ఎక్కడ తప్పుతోంది, ఎందుకు తప్పుతోంది అన్నవే ఇందులో రాశాం.

2023 జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే రోజు మోరంచవాగు పొంగి మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కితే హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అప్పటి నుంచి మన శిక్షణలో వరదకే పెద్దపీట. ఈ ఏడాది ఆ లెక్క కొంత మారింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. డిసెంబరు 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. 1969లో భద్రాచలం దగ్గర వచ్చిన 5.7 భూకంపాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ కాబట్టి, మన దగ్గర భూకంపం రాదనే ధీమా అందరిలోనూ ఉండేది. అందుకే డిసెంబరు తర్వాత బడుల పాఠాన్ని మళ్లీ రాసుకున్నాం.

ఒక్క పూటలో పది అంశాలు చెప్పి సర్టిఫికెట్లు పంచే పద్ధతిని ఈ ఏడాది పూర్తిగా వదిలేశాం. పూటకు రెండే అంశాలు. ప్రతి ఒక్కరి చేతికీ తాడు, ఛాతీ నొక్కులు సాధన చేసే మనిషి బొమ్మ, ఇసుక సంచి అందాలి. ఫొటోలు తక్కువ వచ్చాయని కొందరు సభ్యులు అడిగారు, నిజమే.

చెరువు కట్టల మీద

కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులున్న నేల మనది. పైచెరువు తెగితే ఆ నీరంతా కిందిచెరువు నెత్తిన పడుతుంది. 2023 జూలై ఆఖరులో వరంగల్ భద్రకాళి చెరువు కట్టకు గండి పడ్డప్పుడు నగరం మధ్యలో ఉన్నవాళ్లకూ ఇది అర్థమైంది. కట్ట ఉన్నపళంగా తెగదు. తెగే ముందు గుర్తులు కనిపిస్తాయి, వాటిని చదవడమే మొదటి పాఠం. కట్ట వెనుక వైపు పాదం దగ్గర ఊట తేటగా వస్తుంటే నిఘా పెట్టాలి, నీటిలో మన్ను కలిసి బురదగా వస్తుంటే వెంటనే కదలాలి. బురద ఊట అంటే కట్ట లోపలి మన్ను కొట్టుకొస్తోందని, బుంగ, అంటే నీరు తొలిచిన రంధ్రం, పెద్దదవుతోందని అర్థం.

బుంగ కనిపించగానే దాని నోట్లో సంచులు కుక్కడం అందరూ చేసే పొరపాటు. నోరు మూస్తే నీరు పక్కనుంచి మరో దారి తవ్వుకుంటుంది. చేయవలసింది బుంగ చుట్టూ సంచులతో గుండ్రంగా, బావి ఒర లాగా గోడ కట్టడం. లోపల నీరు నిలిచి మట్టం పెరిగేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, ఊట మెల్లగా తేటపడుతుంది. తేటపడ్డాక గోడ ఎత్తు పెంచడం ఆపాలి. మిగిలిన నీటిని ఒకవైపు చిన్న మత్తడి, అంటే పొర్లే దారి, వదిలి పోనివ్వాలి.

సంచి నింపడంలోనూ తప్పు జరుగుతుంది. 45 కిలోల యూరియా సంచిలో నిండా ఇసుక పోస్తే 80–90 కిలోలు తూగుతుంది, ఎవరూ మోయలేరు. మూడో వంతు పోస్తే చాలు. సిమెంటు సంచి అయితే సగం. నిండుగా ఉన్న సంచి గుండ్రంగా లేచి పక్క సంచితో అతకదు, సందుల్లోంచి నీరు కారుతుంది. సగం సంచి అయితే కాలితో తొక్కగానే పరుచుకుంటుంది. మూతి కట్టనక్కర్లేదు, మడిచి సంచి కిందికి పెట్టి, మడత నీరొచ్చే వైపు ఉండేలా వేయాలి. వరుస మీద వరుస ఇటుకల్లాగే అతుకు తప్పించి పేర్చాలి. ఒకరు సంచి నోరు పట్టి, ఒకరు పారతో పోసి, ఇద్దరు మోస్తే పని సాగుతుంది. చీకటి పడ్డాక కట్ట మీద ఒంటరిగా తిరగొద్దన్నది ఈ పాఠంలోని ఏకైక నిషేధం.

నీటిలో పడ్డవాళ్ల కోసం

వినాయక నిమజ్జనానికి ముందు, బతుకమ్మకు ముందు చెరువులు నిండుగా ఉంటాయి కాబట్టి ఈ శిక్షణ ఆగస్టు, సెప్టెంబరుల్లోనే పెట్టాం. సూత్రం పాతదే: అందించు, విసురు, దిగకు. ఈత వచ్చినవాడు కూడా దిగకూడదు. మునిగేవాడు మెడ పట్టుకుంటే ఇద్దరూ పోతారు.

విసరడానికి 20 మీటర్ల తాడు, చివర 5 లీటర్ల ఖాళీ క్యాన్. క్యాన్‌లో ఒక గ్లాసెడు నీళ్లు పోసి మూత బిగిస్తే విసరడానికి బరువు వస్తుంది, తేలడం మానదు. క్యాన్ మనిషి మీద పడకుండా అతని భుజం దాటి వెనక్కి పడేలా విసిరి, తాడును మెల్లగా అతని చేతికి లాగాలి. తాడు రెండో చివరను మణికట్టుకు చుట్టుకోవద్దు, కాలి కింద తొక్కిపట్టి, తాడు బిగిసే క్షణానికి కూర్చోవాలి. గురి తప్పితే తాడును మళ్లీ చుట్టలు చుడుతూ సమయం పోగొట్టుకుంటారు. చకచకా కాళ్ల దగ్గరికి లాగి, క్యాన్ అందగానే మళ్లీ విసరాలి. ఇక తాడు రకం: అంగట్లో దొరికే నీలం రంగు పాలీప్రొపిలీన్ తాడు నీటి మీద తేలుతుంది, నైలాన్ తాడు గట్టిదే కానీ మునుగుతుంది. మన పెట్టెల్లో నైలాన్ తాళ్లు ఇంకా ఉన్నాయి, వాటిని ముడుల సాధనకే వాడుతున్నాం. తాడు లేని చోట చీర ఉంటుంది. అయిదున్నర మీటర్లంటే గట్టు నుంచి అందించడానికి చాలు.

2 లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ సీసా ఒక్కొక్కటి సుమారు 2 కిలోల బరువును తేలుస్తుంది. ఛాతీ ముందు అయిదు కడితే పెద్ద మనిషి తల నీటిపైన ఉంటుంది. వెనుక కడితే ముఖం నీటిలోకి వాలుతుంది. పిల్లలు ఈ తప్పే చేశారు, ఎందుకంటే బడి సంచి తగిలించుకునే అలవాటు వీపుకే. అరవై దాటినవాళ్లు మాత్రం ఈతకు కట్టుకునే సొరకాయ బుర్రలు చటుక్కున గుర్తుచేసుకుని సరిగ్గానే కట్టారు.

గట్టుకు తెచ్చాక కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పడం ఇంకా ఆగలేదు. దానివల్ల కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలూ పోతాయి. పిలిస్తే పలకక, ఊపిరి తీయకపోతే తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి ముందు రెండు శ్వాసలు ఇవ్వాలి. ఆపైన ఛాతీ నడుమ 30 నొక్కులు, 2 శ్వాసలు, మళ్లీ 30. గుండెపోటుతో కూలినవారికి శ్వాసలు లేకుండా నొక్కులు మాత్రమే ఇచ్చినా మేలే, మునిగినవారికి మాత్రం ఊపిరే ముందు కావాలి. ఈ తేడాను వేరే పాఠంగా చెప్పక తప్పలేదు.

నొక్కు లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 100 నుంచి 120. తెలుగులో లెక్కపెడితే ఒక చిక్కు ఉంది. ‘పది’ దాకా మాటలు పొట్టివి, చేతులు సరిగ్గా ఆడతాయి. ‘ఇరవై ఆరు, ఇరవై ఏడు’ దగ్గరికి వచ్చేసరికి మాట పొడవై చేయి నెమ్మదిస్తుంది. ఒకటి నుంచి పది వరకు మూడుసార్లు లెక్కపెట్టించాక వేగం నిలబడింది. మోచేతులు వంగడం, నొక్కాక ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వకపోవడం మిగతా రెండు తప్పులు. బలం చేతుల్లోంచి కాకుండా నడుము పైభాగం బరువులోంచి రావాలి. ఎంత బలవంతుడైనా రెండు నిమిషాలకు మనిషి మారాలి. అలసిన చేయి లోతు తగ్గుతున్నట్టు దాని యజమానికి తెలియదు.

బడి గంట

మంటకూ భూకంపానికీ చేయవలసింది ఒకటే అనుకోవడం బడుల్లో కనిపించిన మొదటి గందరగోళం. మంటకు వెంటనే బయటికి. భూకంపానికి ఊపు ఆగేదాకా వంగి, బల్ల కింద దూరి, బల్ల కాలు పట్టుకుని ఉండాలి, ఆగాకే బయటికి. మేడ మీది తరగతుల్లో ఊపు నడుస్తుండగా మెట్ల మీదికి పరిగెత్తితే తొక్కిసలాటలోనే కాళ్లు విరుగుతాయి. మట్టి గోడలు, పెంకుల కప్పు ఉన్న ఇంట్లో, గడప రెండడుగుల దూరంలో ఉంటే బయటి బయలులోకి పోవడమే మేలు. ఈ మినహాయింపు లేకుండా పట్నం పాఠాన్ని ఊరికి చెబితే పొరపాటు.

డ్రిల్‌కు ఎలక్ట్రిక్ బెల్ మీద ఆధారపడ్డ బడుల్లో కరెంటు పోగానే డ్రిల్ ఆగింది. చాలా బడుల్లో పాత రైలు పట్టా ముక్క ఇంకా చెట్టుకు వేలాడుతోంది, దాన్నే వాడించాం. ఇంటర్వెల్ గంటతో కలవకుండా మూడు మూడు దెబ్బలు, నడుమ ఆగి. కలాప్సిబుల్ గేటుకు తాళం వేసి, తాళంచెవి ఒక్కరి జేబులో ఉండటం రెండో లోపం. బడి నడిచే వేళల్లో తాళం వద్దన్నాం. రాత్రి తాళం తప్పని ఆడపిల్లల హాస్టళ్లలో రెండో తాళంచెవి అదే అంతస్తులో, గాజు పలక ఉన్న చిన్న పెట్టెలో పెట్టించాం. బయటికి వచ్చాక పిల్లలను లెక్కపెట్టాలంటే హాజరు పట్టిక కావాలి, అది హెడ్మాస్టరు గదిలో ఉంటే లెక్క కుదరదు. పట్టికను క్లాస్ లీడర్ చేతికి అప్పగించాక లెక్క అయిదు నిమిషాల లోపు తేలుతోంది. మరుగుదొడ్లలో ఉన్నవాళ్లను వెతికే బాధ్యత పేరు పెట్టి ఇద్దరు పెద్దలకు ఇవ్వాలి, లేకపోతే ఎవరో చూస్తార్లే అని అందరూ వచ్చేస్తారు.

మధ్యాహ్న భోజనం వండే షెడ్లలో గ్యాస్ పాఠం వంటమనుషులకే చెప్పాం. వాసన వస్తే స్విచ్ వేయడమే కాదు, ఆర్పడం కూడా నిప్పురవ్వకు దారే. గ్యాస్ గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది కాబట్టి తలుపులు తెరవాలి, రెగ్యులేటర్ ఆపాలి, గ్యాస్ లీకేజీ నంబరు 1906కు ఫోన్ బయటికి వచ్చాకే చేయాలి. నూనె అంటుకున్న మూకుడులో నీళ్లు పోయొద్దు, మూత పెట్టి పొయ్యి ఆపాలి. మంటలార్పే సిలిండర్ పది పదిహేను సెకన్లలో ఖాళీ అవుతుంది, అందుకే జ్వాల మీద కొట్టక మంట అడుగున కొట్టాలి. పిన్ను లాగకుండా పిడి నొక్కుతూ కంగారు పడటం ప్రతిచోటా కనిపించింది.

పాము కాటు, పిడుగు

తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం మానాలని ఎన్నేళ్లు చెప్పినా చాలడం లేదు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసి, కరిచిన చేతిని లేదా కాలిని కర్ర చెక్కతో కదలకుండా కట్టి, నడిపించకుండా విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108 ఆలస్యమైతే బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి అయినా పోవాలి. కట్లపాము కాటు నొప్పి ఉండదు, గుర్తూ సరిగా కనిపించదు. నేల మీద పడుకున్నవారు తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలుతుంటే అది పాము కాటు కావచ్చని ఊళ్లో ఆశా కార్యకర్తలకు గట్టిగా చెప్పాం.

పిడుగు పడ్డ మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందన్న భయం పత్తి చేలల్లో ప్రాణాలు తీస్తోంది. ఒంట్లో కరెంటు మిగలదు, వెంటనే ముట్టుకుని ఊపిరి చూసి నొక్కులు మొదలుపెట్టాలి. తెగిపడ్డ కరెంటు తీగ సంగతి వేరు, దానికి 10 మీటర్ల దూరంలో ఆగి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పాలి.

వరద తగ్గాక బావి నీళ్లు

మీటర్లలో బావి వెడల్పును వెడల్పుతో, దాన్ని నీటి లోతుతో, వచ్చినదాన్ని 3.14తో హెచ్చించి 4తో భాగించి, 1000తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల నీరు ఉంటే సుమారు 28,000 లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున 70 గ్రాముల బ్లీచింగ్ పౌడర్. దీన్ని బకెట్‌లో ముద్దగా కలిపి, ముప్పాతిక వంతు నీళ్లు పోసి, పది నిమిషాలు తేరుకోనిచ్చి, పైతేటను మాత్రమే బొక్కెనలోకి వంచి బావిలోకి దించి కలియదిప్పాలి. అడుగున మిగిలే సున్నం బావిలో పడితే నీరు కఠినమవుతుంది. గంట ఆగాక తోడుకోవాలి. వరద నీరు చేరిన బావికి ఈ మోతాదు చాలదు, గంట తర్వాత కూడా చిన్నగా క్లోరిన్ వాసన నిలిచేదాకా మళ్లీ వేయాలి. మూతి విప్పి పంచాయతీ గదిలో నెలల తరబడి పడున్న పౌడర్‌కు బలం ఉండదు. మోతాదు సరిపోయినా ఫలితం లేదంటే కారణం చాలాసార్లు ఇదే.

వచ్చే ఏడాదికి

మే నెలలో వడదెబ్బ శిక్షణను ఉపాధి హామీ పనుల దగ్గరే, ఉదయం పూట పెడతాం. నాలా పక్క కాలనీల్లో, ముఖ్యంగా వరంగల్ నగరంలోని హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ వైపు, నడవలేని ముసలివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో గల్లీవారీగా జాబితా రాసి జూన్ మొదటి వారంలోగా సిద్ధం చేయాలి. బొమ్మల మీద సాధనను ఆరు నెలలకొకసారి మళ్లీ చేయించకపోతే చేయి మరుస్తోంది, కాబట్టి కొత్త బడులు తగ్గించి పాత బడులకే రెండోసారి వెళ్లాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దీనిపై సర్వసభ్య సమావేశంలో ఓటింగ్ ఉంటుంది.

నిమజ్జనాల సమయంలో తీసుకున్న తాళ్లు, క్యాన్లు ఇంకా కొన్ని తిరిగి రాలేదు. దయచేసి వానలకు ముందే కార్యాలయంలో అప్పగించి, పుస్తకంలో సంతకం చేయగలరు.

— కార్యవర్గం