ప్యాచ్‌కూ ఏఎంసీ కట్టాలా? కేంద్ర ఐటీ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు. సాఫ్ట్‌వేర్‌లోని భద్రతా లోపాన్ని సరిచేసే ప్యాచ్ కోసం కూడా ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) రుసుము కట్టాల్సి రావడం గురించే ఈ లేఖ.

హైదరాబాద్ బాలానగర్‌లో జాబ్‌వర్క్ మీద విడిభాగాలు చేసిపెట్టే చిన్న యూనిట్ మాది. ఒక బ్రాకెట్ ఎంత బరువుకు వంగుతుందో, ఎక్కడ చిట్లుతుందో లోహాన్ని ముట్టుకోకముందే లెక్కగట్టే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ లేకపోతే మాకు పూట గడవదు. మోడల్ ఫైళ్లు ఆర్డరు ఇచ్చినవారి దగ్గర నుంచే వస్తాయి. వాటిని తెరిస్తేనే పని మొదలవుతుంది. ప్రమాదం ఉన్నదీ అక్కడే.

ఇలాంటి సిమ్యులేషన్ సాఫ్ట్‌వేరే అయిన సిమ్‌సెంటర్ ఫీమ్యాప్‌లో భద్రతా లోపాలు ఉన్నాయని 2024 ఫిబ్రవరిలో దాన్ని తయారుచేసే సీమెన్స్ తానే ప్రకటించింది. దురుద్దేశంతో తయారు చేసిన కాటియా (డిజైన్ సాఫ్ట్‌వేర్) మోడల్ ఫైలును తెరిస్తే, సాఫ్ట్‌వేర్ తనకు కేటాయించిన మెమరీ హద్దు దాటి రాసేస్తుంది. ఆ సందులో దాడి చేసేవాడు తన కోడ్ నడిపించుకోవచ్చు. తీవ్రత పదికి 7.8. ఇలాంటి లోపాలు బయటపడినప్పుడు వచ్చే సలహాలు రెండే: కొత్త వెర్షన్‌కు మారండి, నమ్మకం లేని ఫైళ్లు తెరవకండి. ఆర్డరు ఇచ్చినవారి ఫైలును అనుమానించి తిప్పి పంపితే ఆ ఆర్డరు మళ్లీ మా గడప తొక్కుతుందా?

ఇక కొత్త వెర్షన్ సంగతి. లక్షలు పోసి శాశ్వత లైసెన్స్ కొంటాం. ఏటా కట్టే ఏఎంసీ ఒక్కసారి ఆగిందంటే అప్‌డేట్లూ ఆగిపోతాయి. కొత్త ఫీచర్లు ఇవ్వకపోతే పోనీ, అది వ్యాపారం. అమ్మిననాడే సరుకులో ఉన్న లోపాన్ని సరిచేయడానికి మళ్లీ డబ్బు అడగడం ఏం న్యాయం? దొంగ కాపీలు వాడేవారి తరఫున నేను మాట్లాడటం లేదు.

పోయేది మా కంప్యూటరు ఒక్కటే కాదు. 2012లో పెరూలో బయటపడిన మెద్రె అనే వర్మ్ (తనంతట తానే వ్యాపించే హానికర ప్రోగ్రామ్) ఆటోక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన డ్రాయింగులను చడీచప్పుడు లేకుండా ఈమెయిల్‌లో బయటికి పంపేసింది. బాలానగర్ షెడ్లలో తయారయ్యే వాటిలో రక్షణ రంగం విడిభాగాలూ ఉన్నాయని తమకు వేరే చెప్పనక్కర్లేదు.

సైబర్ దాడి జరిగితే గమనించిన 6 గంటల్లో తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సెర్ట్-ఇన్, సంస్థలన్నిటికీ గడువు పెట్టింది. మంచిదే. అలాంటి గడువు సాఫ్ట్‌వేర్ అమ్మేవారికీ ఉండాలి కదా! ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరులో అమల్లోకి తెచ్చిన సైబర్ రెసిలియెన్స్ చట్టం, ఉత్పత్తికి కంపెనీ మద్దతు ఇచ్చే కాలమంతా భద్రతా ప్యాచ్‌లను ఉచితంగా ఇవ్వాలంటోంది. ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు నుంచి వర్తిస్తాయి. సీమెన్స్‌ది జర్మనీ, కాటియా తయారుచేసే దస్సో సిస్టమ్స్‌ది ఫ్రాన్స్. అక్కడి కొనుగోలుదారుకు చేసిపెట్టేది ఇక్కడివారికీ చేయమని అడగడానికి మనకు మొహమాటం ఎందుకు?

చట్టం రావడానికి ఏళ్లు పడితే పట్టనివ్వండి. ప్రభుత్వ సంస్థలకు, ఇంజనీరింగ్ కళాశాలలకు, పాలిటెక్నిక్‌లకు ఈ సాఫ్ట్‌వేర్ కొనే టెండర్లలో ఏఎంసీతో పనిలేకుండా భద్రతా ప్యాచ్‌లు ఇవ్వాలన్న షరతును ఈ ఏడాదే రాయించండి. అదే షరతు చిన్న యూనిట్లకు అమ్మే లైసెన్సులకూ వర్తించేలా కంపెనీలతో మాట్లాడండి.

ఇట్లు
ఒక మెకానికల్ ఇంజనీరు,
బాలానగర్, హైదరాబాద్