మోటుపల్లికి ఒక బోర్డు కూడా పెట్టలేరా?

సంపాదకులు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో బీచ్‌ల అభివృద్ధి మీద వచ్చిన వార్త చదివాను. సూర్యలంక ఉంది, వాడరేవు ఉంది, రామాపురం ఉంది. కాకతీయుల నాటి ఓడరేవు మోటుపల్లి ఊసే లేదు. ఆ రోజే రాద్దామనుకుని ఊరుకున్నాను. మొన్న ఆదివారం హైదరాబాద్ నుంచి వచ్చిన మా అన్నయ్య పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి వచ్చాక మాత్రం ఊరుకోలేకపోతున్నాను.

హైవే మీద చినగంజాం దాకా చూసుకుంటూ వెళ్లాం. ఇక్కడొక చారిత్రక రేవు ఉండేదని చెప్పే బోర్డు ఒక్కటీ మా కంటపడలేదు. ముగ్గుర్ని అడిగితే గానీ దారి తెలియలేదు. మా పెద్దపాప ఏడో తరగతి. కాకతీయుల పాఠంలో మోటుపల్లి గురించి చదివిందట. వీరభద్రస్వామి గుడిలో శాసన స్తంభం చూపిస్తే దాని మీద చెయ్యి వేసి, "బాబాయ్, ఇందులో ఏం రాశారు?" అని అడిగింది. చదివి చెబుదామంటే ఆ పాత లిపి నాకు రాదు. అర్థం చెప్పే పలక ఏదైనా ఉందేమోనని చుట్టూ వెతికాను. కనిపించలేదు. గుర్తున్నంత వరకు నేనే చెప్పాను.

1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు వేయించిన అభయశాసనం అది. అంతకుముందు తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు రాజులు బలవంతంగా లాక్కునేవాళ్లు. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చినవాళ్ల దగ్గర ఇక సుంకం తప్ప ఏమీ తీసుకోనని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. కర్పూరం, పన్నీరు, ముత్యాలు, మిరియాలు, పట్టు ఇలా సరుకుల పేర్లన్నీ రాయి మీదే చెక్కించాడు. మార్కోపోలో ముత్ఫిలి అని రాసింది ఈ ఊరినే. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని మెచ్చుకున్నాడు. మగ్గాల ఊరు చీరాలలో పుట్టిన నాకు ఆ మాట ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. తర్వాత 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా ఇక్కడ శాసనం వేయించాడు. వర్తకులకు తెలియాలని సంస్కృతం, తెలుగుతో పాటు తమిళంలోనూ రాయించాడు. ఆ రోజుల్లో పరాయి దేశం వాళ్లకు వాళ్ల భాషలో చెప్పారే, ఈ రోజు మన పిల్లకు మన తెలుగులో నాలుగు ముక్కలు రాసి పెట్టలేమా?

డబ్బుల్లేవంటే నేను ఒప్పుకోను. ఫొటోలు దిగడానికి ఊరి పేరును పెద్ద పెద్ద రంగుల అక్షరాల్లో నిలబెట్టడానికి ప్రతిచోటా డబ్బులు దొరుకుతున్నాయి. ఇది ఒక్క మోటుపల్లి బాధే కాదు. ఎన్నో పల్లెల గుళ్లలో శాసనాలకు సున్నం కొట్టేస్తున్నారు, ఆయిల్ పెయింట్ పూసేస్తున్నారు. కొన్నిచోట్ల వాటి మీద బట్టలు ఉతుకుతుంటే నా కళ్లతో చూశాను. అడిగితే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసు పేరు చెబుతుంది. స్కూళ్లవాళ్లు కూడా పిల్లల్ని వాటర్ పార్కులకు తీసుకెళతారు గానీ ఇటువైపు ఒక్క బస్సు తిప్పరు.

హైవే మలుపులో ఒక బోర్డు, స్తంభం పక్కన తెలుగులో అర్థం రాసిన ఒక పలక, ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి. అడుగుతున్నది ఇంతే. మా పాప సంక్రాంతికి మళ్లీ వస్తుంది. ఈసారి తనే చదువుకుంటానంది. ఆలోగా ఆ పలక ఒక్కటైనా పెట్టించండి.

- ఒక పాఠకుడు, చీరాల